రీలోడ్ బటన్ ఎవరి చేతిలో ఉంది? యుద్ధాన్ని ఆటగా ఆడినవాళ్ళ కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది ఒక బటన్ గురించి. చాలామంది రోజూ నొక్కే బటనే. దాని పేరు రీలోడ్.

మీలో కొంతమంది హార్ట్స్ ఆఫ్ ఐరన్, యూరోపా యూనివర్సాలిస్ లాంటి ఆటలు ఆడే ఉంటారు. ఆడకపోయినా ఎవరో ఆడుతుంటే యూట్యూబ్‌లో చూసే ఉంటారు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఇవి తుపాకీ పట్టుకుని పరిగెత్తే ఆటలు కావు. స్క్రీన్ మీద ప్రపంచపటం ఉంటుంది. మీరు ఒక దేశాన్ని ఎంచుకుంటారు. ఇక ఫ్యాక్టరీలు, చమురు, రైలు మార్గాలు, సైన్యం, పొత్తులు, అప్పులు అన్నీ మీరే చూసుకోవాలి. హార్ట్స్ ఆఫ్ ఐరన్ 1936 జనవరి 1న మొదలవుతుంది, అంటే రెండో ప్రపంచయుద్ధానికి మూడేళ్ళ ముందు. యూరోపా యూనివర్సాలిస్ నాలుగో భాగం 1444 నవంబర్ 11న మొదలవుతుంది. అందులో మన విజయనగరాన్ని కూడా తీసుకుని ఆడొచ్చు. అప్పటికి అక్కడ సింహాసనం మీద ఉన్నది రెండో దేవరాయలు, మనం ప్రౌఢ దేవరాయలు అని చదువుకున్న రాజు.

సరే, ఆట మొదలైంది. రెండు రాత్రులు కూర్చుని సామ్రాజ్యం కట్టారు. మూడో రాత్రి ఒక తప్పుడు యుద్ధం ప్రకటించారు, సైన్యం మొత్తం పోయింది. అప్పుడేం చేస్తాం? మెనూలోకి వెళ్ళి, యుద్ధానికి ముందు సేవ్ చేసుకున్న చోటికి వెనక్కి వెళ్ళిపోతాం. ఆ ఓటమి అసలు జరగనే లేదన్నట్టు! ఇలా చెయ్యకూడదనుకునే వాళ్ళ కోసం ఈ ఆటల్లోనే ఐరన్‌మ్యాన్ అని ఒక పద్ధతి ఉంది. అందులో ఒకటే సేవ్ ఫైల్. జరిగింది జరిగిందే, వెనక్కి పోవడం కుదరదు.

మరి, ఈ రీలోడ్ అలవాటు కంప్యూటర్లతో వచ్చిందనుకుంటున్నారా? కాదండీ. కంప్యూటర్ పుట్టకముందే పెద్ద పెద్ద సైన్యాధికారులు ఈ బటన్ నొక్కారు. నొక్కిన చోట వేలమంది చచ్చిపోయారు. నొక్కని చోట వేలమంది బతికారు. ఆ కథలే ఇవాళ చెప్పుకుందాం.

యుద్ధాన్ని బల్లమీద ఆడటం మనకు కొత్తేం కాదు. చతురంగం అంటేనే ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సైన్యం. అదే మన చదరంగం. కానీ చదరంగంలో ఒక సంగతి గమనించండి. అవతలివాడి పావులన్నీ మనకు కనపడతాయి. మన గుర్రం చెప్పిన గడికే వెళ్తుంది, దారిలో బురద ఉండదు, ఆకలి ఉండదు. నిజమైన యుద్ధం అలా ఉండదు కదా!

ఈ లోటు తీర్చింది ప్రష్యా వాళ్ళు. ప్రష్యా అంటే తర్వాతి కాలంలో జర్మనీని ఒక్కటి చేసిన రాజ్యం. అక్కడ రైస్విట్జ్ అనే ఆయన 1812లో రాజు మూడో ఫ్రెడరిక్ విల్హెల్మ్ కోసం ఒక బల్ల తయారు చేయించాడు. కొండలు, నదులు, ఊళ్ళు ఉన్న ముక్కల్ని ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. ఆయన కొడుకు సైన్యంలో అధికారి. 1824లో ఈ కొడుకు ఆటకు కొత్త రూల్స్ రాసి, బల్ల బదులు నిజమైన సైనిక పటం తెచ్చాడు. దాని స్కేలు 1:8000. ఒక్కో ఎత్తు రెండు నిమిషాల యుద్ధంతో సమానం. కాల్పుల్లో ఎంతమంది పోయారో తేల్చడానికి పాచికలు. ఆట పేరు క్రీగ్‌స్పీల్, అంటే జర్మన్‌లో యుద్ధక్రీడ.

ఇందులో అన్నింటికంటే గొప్ప మార్పు అంపైర్. రెండు పక్షాలూ తమ ఆజ్ఞల్ని కాగితం మీద రాసి అంపైర్‌కి ఇవ్వాలి. ఎవరికి ఏది కనపడుతుందో అంపైరే నిర్ణయిస్తాడు. కొండ వెనక శత్రువు ఉంటే ఆ పావు పటం మీదికే రాదు. ఇవాళ మీ ఆటల్లో పటం మీద కమ్ముకునే చీకటి, ఫాగ్ ఆఫ్ వార్ అంటాం చూశారా, దాని పూర్వరూపం 200 ఏళ్ళ క్రితమే ఉందన్నమాట. ఈ ఆట చూసిన ప్రష్యా సైన్యం జనరల్ స్టాఫ్ అధిపతి మఫ్లింగ్ మొదట పెద్దగా పట్టించుకోలేదట. ఆట సాగేకొద్దీ ఉత్సాహం వచ్చి, ఇది ఆట కాదు, యుద్ధానికి శిక్షణ అన్నాడని చెప్తారు. తర్వాత 1866లో ఆస్ట్రియా మీద, 1870-71లో ఫ్రాన్స్ మీద ప్రష్యా గెలిచేసరికి మిగతా దేశాలు కూడా ఈ ఆట నేర్చుకోవడం మొదలుపెట్టాయి.

ఇక్కడ ఒక ప్రశ్న మనసులో పెట్టుకోండి. అంపైర్ తీర్పు పై అధికారికి నచ్చకపోతే ఏమవుతుంది? క్రికెట్‌లో అంపైర్ల చివరి తీర్పు అవుట్ అయితే ఎంత పెద్ద స్టార్ అయినా బ్యాట్ చంకలో పెట్టుకుని వెళ్ళాల్సిందే. సైన్యంలో అలా జరుగుతుందా?

దీనికి జవాబు కోసం మనం 1941 టోక్యోకి వెళ్ళాలి. జపాన్ అప్పటికే నాలుగేళ్ళుగా చైనాతో పూర్తిస్థాయి యుద్ధంలో ఉంది. జులైలో జపాన్ సైన్యం దక్షిణ ఇండోచైనాలోకి దిగింది. దాంతో అమెరికా జపాన్‌కి చమురు ఆపేసింది. జపాన్ వాడే చమురులో ఎక్కువ భాగం వచ్చేదే అమెరికా నుంచి. మరి అమెరికాతో యుద్ధం చెయ్యాలా, వద్దా?

సరిగ్గా అదే సమయంలో టోక్యోలో ఒక సంస్థ నడుస్తోంది. పేరు సంపూర్ణ యుద్ధ పరిశోధన సంస్థ. ప్రభుత్వ శాఖల నుంచి, సైన్యం నుంచి, నౌకాదళం నుంచి, ప్రైవేటు రంగం నుంచి తెలివైనవాళ్ళను ఏరి తెచ్చారు. అందరూ ముప్పై ఏళ్ళు దాటిన కుర్రాళ్ళే. వాళ్ళకి ఇచ్చిన పని ఏంటో తెలుసా? మీరే ఒక మంత్రివర్గం అనుకోండి. ఒకడు ప్రధాని, ఒకడు ఆర్థికమంత్రి, ఒకడు నౌకాదళ మంత్రి. అమెరికాతో యుద్ధం వస్తే దేశం ఎలా నడుస్తుందో లెక్కవేసి ఆడండి అన్నారు. చమురు ఎంత, ఉక్కు ఎంత, ఓడలెన్ని, ఏడాదికి ఎన్ని మునిగితే ఎన్ని కట్టగలం, బియ్యం ఎంత... ఇవన్నీ! ఒక్కసారి ఆలోచించండి. ఇది హార్ట్స్ ఆఫ్ ఐరన్‌లో జపాన్ తీసుకుని ఆడటమే. కంప్యూటర్ లేదు, అంతే తేడా.

ఆ కుర్రాళ్ళు ఏం తేల్చారు? మొదట్లో గెలుస్తాం. దక్షిణాన ఉన్న చమురు బావులు చేతికొస్తాయి. కానీ ఆ చమురు ఇంటికి రావాలంటే ఓడలు కావాలి. ఆ ఓడల్ని శత్రువు ముంచుతాడు. కట్టేదానికంటే మునిగేది ఎక్కువవుతుంది. యుద్ధం ఏళ్ళ తరబడి సాగుతుంది. చివర్లో సోవియట్ యూనియన్ కూడా మీద పడుతుంది. జపాన్ ఓడిపోతుంది. 1941 ఆగస్టు 27, 28 తేదీల్లో ప్రధాని నివాసంలో, ప్రధాని కొనోయె, యుద్ధమంత్రి తోజో లాంటి పెద్దల ముందే ఈ మాట చెప్పారు.

తోజో శ్రద్ధగా విని, నోట్సు రాసుకుని, చివరికి చెప్పిన మాటల సారాంశం ఇది. మీరు కష్టపడ్డారు, కానీ ఇది బల్లమీద లెక్క. రష్యాతో యుద్ధం చేసినప్పుడు మనం గెలుస్తామని ఎవరూ అనుకోలేదు, అయినా గెలిచాం. యుద్ధంలో ఎవరూ ఊహించనివి జరుగుతాయి. ఈ సంగతి బయట మాట్లాడకండి.

ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. యుద్ధంలో ఊహకందనివి జరుగుతాయి, ఒప్పుకుందాం. కానీ ఆ ఊహకందనివన్నీ తన వైపే జరుగుతాయని నమ్మాడు చూశారా, అక్కడుంది అసలు చిక్కు. అక్టోబర్‌లో ఆయనే ప్రధాని అయ్యాడు. డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద దాడి. తర్వాత జరిగింది చాలావరకు ఆ కుర్రాళ్ళు గీసిన గీత మీదే నడిచింది. ఓడలు మునిగాయి, చమురు ఆగింది, 1945 ఆగస్టులో సోవియట్ సైన్యం వచ్చింది. వాళ్ళు ఊహించలేకపోయిన పెద్ద సంగతి అణుబాంబు. ఆ యుద్ధంలో చనిపోయిన జపాన్ వాళ్ళు సుమారు 31 లక్షలు. ఆసియా దేశాల్లో జపాన్ సైన్యం వల్ల పోయినవాళ్ళ లెక్క అంతకు ఎన్నో రెట్లు.

ఈ యుద్ధం మనకు ఎక్కడో దూరంగా జరిగింది అనుకోకండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ విమానాలు ర్యూజో అనే విమాన వాహక నౌక మీంచి లేచాయి. దానికి ఒక్కరోజు ముందు, నగుమో అనే అడ్మిరల్ నడిపిన ఇంకో పెద్ద దళం కొలంబో మీద పడింది. బంగాళాఖాతంలో వాళ్ళను ఆపేవాడే లేడు. గెలుపు మీద గెలుపు.

ఆ గెలుపు మత్తులోనే, మే నెల మొదట్లో, యమాటో అనే యుద్ధనౌక మీద ఇంకో ఆట ఆడారు. పసిఫిక్ మధ్యలో ఉన్న మిడ్‌వే అనే చిన్న దీవిని పట్టుకోవాలన్న పథకానికి అది రిహార్సల్. అంపైర్ స్థానంలో ఉన్నది ఉగాకి. పథకం వేసిన అడ్మిరల్ యమమోటోకి ఈయన కుడిభుజం. అంటే పథకం వాళ్ళదే, తీర్పూ వాళ్ళదే!

ఆటలో జపాన్ విమానాలు దీవి మీద దాడికి వెళ్ళాయి. ఆ సమయంలో అమెరికా విమానాలు వచ్చి జపాన్ నౌకల మీద పడ్డాయి. పాచికలు వేశారు. తొమ్మిది బాంబులు తగిలినట్టు వచ్చింది. అకాగి, కాగా అనే రెండు విమాన వాహక నౌకలు మునిగిపోయినట్టు లెక్క. ఉగాకి ఆపాడు. తొమ్మిది కాదు, మూడే అన్నాడు. దాంతో కాగా మాత్రం మునిగింది, అకాగి చిన్న దెబ్బతో బయటపడింది. కాసేపటికి ఆట తర్వాతి దశలో కాగా కూడా నీళ్ళలోంచి లేచి వచ్చి మళ్ళీ యుద్ధానికి తయారైంది. ఆ గదిలో పాచికలు వేసిన అధికారి యుద్ధం తర్వాత తన సహచరుడితో కలిసి రాసిన పుస్తకంలో ఈ సంగతులన్నీ చెప్పాడు. శకుని చెప్పిన సంఖ్యే పాచికల మీద పడేదని మనం కథల్లో విన్నాం. ఇక్కడ పాచికలు నిజమే చెప్పాయి, సంఖ్య మార్చింది మనిషి.

ఉగాకికి కూడా ఒక న్యాయం చెయ్యాలి. దీవి మీంచి వచ్చే విమానాలు కదిలే నౌకల మీద అన్ని బాంబులు వెయ్యలేవని ఆయన అనుకుని ఉండొచ్చు. అసలు యుద్ధంలో దీవి మీంచి వచ్చిన విమానాలు ఒక్క బాంబు కూడా ఆ నౌకలకు తగిలించలేకపోయాయి. అంటే సంఖ్య విషయంలో ఆయన అంచనా మరీ పిచ్చిదేం కాదు. కానీ పాచికలు అడిగిన ప్రశ్న వేరు. మన విమానాలు దీవి పనిలో ఉండగా శత్రువు వచ్చి పడితే మన గతేంటి? సంఖ్య మార్చేసరికి ఆ ప్రశ్న కూడా దాంతోపాటే పోయింది.

జూన్ 4న ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి బల్లమీద కాదు. జపాన్ రహస్య సందేశాల్ని అమెరికా వాళ్ళు ముందే ఛేదించి, తమ విమాన వాహక నౌకలతో కాచుకుని ఉన్నారు. ఉదయం పదిన్నర ప్రాంతంలో, కొద్ది నిమిషాల్లోనే, అకాగి, కాగా, సోర్యూ మూడూ మంటల్లో ఉన్నాయి. సాయంత్రానికి హిర్యూ వంతు. ఆ యుద్ధంలో జపాన్ మూడు వేలమందికి పైగా నావికుల్ని పోగొట్టుకుంది. కాగా ఈసారి నీళ్ళలోంచి లేవలేదు.

ఇప్పుడు అదే ఏడాది, భూగోళానికి ఇంకో వైపు వెళ్దాం. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్. బ్రిటన్‌కి తిండి, చమురు, ఆయుధాలు అట్లాంటిక్ దాటి ఓడల గుంపుల్లో వస్తాయి. వీటిని కాన్వాయ్‌లు అంటారు. జర్మన్ సబ్‌మెరైన్లు, అంటే యూబోట్లు, వాటిని వేటాడుతున్నాయి. బ్రిటిష్ సరుకు ఓడల్లో పనిచేసినవాళ్ళలో మన భారతీయులు కూడా చాలామంది ఉన్నారని మర్చిపోవద్దు. లాస్కర్లు అనేవాళ్ళు వాళ్ళని. వేలమంది ఆ యుద్ధంలో సముద్రంలోనే పోయారు.

ఆ ఓడల్ని కాపాడే దారి వెతకమని గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారిని పంపించారు. ఆయన క్షయ వ్యాధి వల్ల నౌకాదళం నుంచి రిటైరైపోయిన మనిషి. ఆయనకి ఇచ్చిన సహాయకులు ఎక్కువగా నౌకాదళ మహిళా విభాగం అమ్మాయిలు. వాళ్ళని రెన్స్ అంటారు. కొంతమందికి ఇరవై ఏళ్ళు కూడా సరిగ్గా నిండలేదు.

ఒక పెద్ద హాల్లో నేలనే సముద్రం చేశారు. ఓడల దారుల్ని సుద్దముక్కతో గీసేవాళ్ళు. ఆడటానికి వచ్చిన కెప్టెన్లు చుట్టూ తెరల వెనక నిలబడి, చిన్న కంతల్లోంచి మాత్రమే చూడాలి. యూబోటు దారిని తెరల వెనక ఉన్నవాళ్ళకి కనపడని రంగు సుద్దతో గీసేవాళ్ళు. ఒక్కో ఎత్తుకి రెండు నిమిషాలు. క్రీగ్‌స్పీల్ గుర్తొచ్చింది కదూ?

యూబోట్లు కాన్వాయ్‌కి దూరంగా ఉండి టార్పెడోలు వేస్తున్నాయని అప్పటిదాకా నౌకాదళం నమ్మకం. రాబర్ట్స్ బృందం నిజంగా జరిగిన దాడుల్ని నేలమీద మళ్ళీ ఆడి చూసింది. లెక్క కుదరలేదు. కుదరాలంటే ఒకటే దారి. యూబోటు రాత్రిపూట వెనకనుంచి వచ్చి, నీటి పైనే ప్రయాణిస్తూ, ఓడల వరుసల మధ్యకే దూరుతోంది! దొంగ ఊరి బయట ఉన్నాడని అందరూ పొలిమేరలో కాగడాలు పట్టుకు తిరుగుతుంటే, వాడు నట్టింట్లో కూర్చున్నాడన్నమాట. దానికి విరుగుడుగా ఒక ఎత్తు తయారు చేశారు. జీన్ లెయిడ్లా అనే రెన్ దానికి రాస్ప్‌బెర్రీ అని పేరు పెట్టింది. ఇంగ్లీషువాళ్ళు నోటితో బుర్రుమని శబ్దం చేసి వెక్కిరించడాన్ని అలా అంటారు. హిట్లర్‌ని వెక్కిరించడం అన్నమాట.

1942 చివర్లో మాక్స్ హోర్టన్ అనే అడ్మిరల్ అక్కడికి అధిపతిగా వచ్చాడు. ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో పేరు మోసిన సబ్‌మెరైన్ కెప్టెన్. ఈ నేలమీద ఆటేంటో చూద్దామని తానే యూబోటుగా ఆడాడు. అవతల కాన్వాయ్‌ని కాపాడే వైపు జానెట్ ఓకెల్ అనే కుర్ర రెన్. ఐదుసార్లు ఆడారు. ఐదుసార్లూ అడ్మిరల్ గారి సబ్‌మెరైన్ మునిగింది.

అడ్మిరల్‌కి కోపం రాలేదంటే నేను నమ్మను. కానీ ఆయన పాచికలు మార్చలేదు, రూల్స్ మార్చలేదు. ఆ ఆటను అలాగే కొనసాగించాడు. యుద్ధం అయ్యేలోపు సుమారు 5,000 మంది అధికారులు ఆ నేలమీద ఆడి సముద్రంలోకి వెళ్ళారు. 1943 మే నెల ఒక్కదాంట్లోనే జర్మనీ 41 యూబోట్లని పోగొట్టుకుంది. అదే నెలలో జర్మన్ అడ్మిరల్ డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి వాటిని వెనక్కి పిలిచాడు. కొత్త రాడార్లు, దూరం వెళ్ళే విమానాలు, ఛేదించిన రహస్య సందేశాలు అన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. అందులో ఆ సుద్దముక్క గీతల వాటా కూడా ఉంది.

ఇది పాతకాలం సంగతిలే అనుకోకండి. 2002లో అమెరికా సైన్యం మిలీనియం ఛాలెంజ్ అని ఒక యుద్ధక్రీడ ఆడింది. ఖర్చు 25 కోట్ల డాలర్లు. కంప్యూటర్లు, నిజమైన సైనికులు, అన్నీ ఉన్నాయి. శత్రుపక్షం నాయకుడిగా పాల్ వాన్ రైపర్ అనే రిటైర్డ్ మెరైన్ జనరల్ ఆడాడు. రేడియో వాడితే వింటారని మోటార్‌సైకిళ్ళ మీద కబుర్లు పంపాడు. చిన్న పడవలు, క్షిపణులతో ఒక్కసారిగా మీదపడి అమెరికా నౌకలు పదహారు ముంచేశాడు. అప్పుడేం చేశారో మీరే చెప్పండి. అవును, రీలోడ్! మునిగిన నౌకల్ని పైకి లేపి, ఆట మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి శత్రువు ఏమేం చెయ్యకూడదో కూడా ముందే చెప్పారు. వాన్ రైపర్ ఆ బాధ్యత వదిలేశాడు. ఆట ఆపితే మిగతా ప్రయోగాలన్నీ ఆగిపోతాయని నిర్వాహకులు కారణం చెప్పారు. ఆ కారణం నిజమే కావచ్చు. కానీ ఓటమి నేర్పే పాఠం మాత్రం మునిగిన చోటే ఉండిపోయింది.

ఇప్పుడు ఈ నాలుగు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ ఆట ఎక్కువ రియలిస్టిక్? 25 కోట్ల డాలర్ల ఆటా, సుద్దముక్కల ఆటా? గ్రాఫిక్స్ బాగుంటే, లెక్కలు ఎక్కువుంటే ఆట నిజానికి దగ్గరైందని మనం అనుకుంటాం. టోక్యో కుర్రాళ్ళ దగ్గర ఉన్నవి కాగితాలు, పెన్సిళ్ళు. అయినా నాలుగేళ్ళ భవిష్యత్తు చెప్పగలిగారు. లివర్‌పూల్‌లో ఉన్నది నేల, సుద్ద. ఆట నిజమయ్యేది ఒకే ఒక్క చోట. ఆ గదిలో అందరికంటే చిన్నవాళ్ళు అందరికంటే పెద్దవాళ్ళని ఓడిస్తే, ఆ ఓటమి ఓటమిగానే నిలబడాలి. లివర్‌పూల్‌లో నిలబడింది. టోక్యోలో, యమాటో మీద నిలబడలేదు. రీలోడ్ నొక్కినవాళ్ళు పెద్దలు. దాని ఖరీదు కట్టింది మాత్రం ఇంజన్ గదుల్లో ఉన్న కుర్ర నావికులు.

మన ఆటల్లో ఆ కుర్ర నావికులు ఎక్కడుంటారో తెలుసా? స్క్రీన్ పైన, మ్యాన్‌పవర్ అని ఒక అంకె ఉంటుంది చూడండి, అందులో. యుద్ధం అయ్యాక ఆ అంకె కొంచెం తగ్గుతుంది. కొన్నాళ్ళకి మళ్ళీ అదే పెరుగుతుంది. అందుకే మనకు యుద్ధం ప్రకటించడం అంత తేలిక.

రీలోడ్ నొక్కడం తప్పని నేను చెప్పట్లేదు. సరదాకి ఆడే ఆట, మీ ఇష్టం. కానీ రేపు మీలో ఎవరో ఒక ఆఫీసులోనో, కంపెనీలోనో, ప్రభుత్వంలోనో పెద్ద కుర్చీలో కూర్చుంటారు. ఒక జూనియర్ వచ్చి, సార్, ఈ లెక్క ప్రకారం మనం ఓడిపోతాం అంటారు. ఆ రోజు మీరు తోజోలా మాట్లాడతారా, హోర్టన్‌లా ఆరో ఆటకి కూర్చుంటారా అన్నది ఇప్పటినుంచే అలవాటవుతుంది.

కాబట్టి ఈ వారం ఒక పని చెయ్యండి. మీ ఆట ఏదైనా సరే, ఐరన్‌మ్యాన్ పెట్టుకుని ఒక్కసారి ఆడండి. ఓడిపోతే ఆట మూసెయ్యకుండా, ఆ ఓడిపోయిన దేశాన్నే ఇంకో పదేళ్ళు నడిపి చూడండి. ఏం తెలిసిందో కామెంట్‌లో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.